ట్యాబ్‌లో అంతా నీలమే

తెలంగాణ నీటిపారుదల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ



ఈ లేఖ నీళ్లు అడగడానికి కాదు. తూముల గురించో, ఎత్తిపోతల మోటార్ల గురించో, పరిహారం గురించో మీకు రోజూ వచ్చే అర్జీల కట్టలో దీన్ని వేయకండి. మీ శాఖ ఇప్పటికే డబ్బు పెట్టి కొలిపించిన ఒక వస్తువును బయటికి ఇవ్వమని అడుగుతున్నాను. అది మన జలాశయాల లోతుల పటం. నీళ్ల కింద నేల ఎక్కడ ఎంత ఎత్తులో ఉంది, ఎక్కడ బండ ఉంది, ఎక్కడ పాత ఊరి గోడ ఉంది, ఎక్కడ పూడిక మేట వేసింది అన్నది చూపించే పటం.

ఇది నాకెందుకు అంటారేమో. మిత్రులం కొందరం కలిసి హైదరాబాద్ నుంచి ఒక పాత తెరచాప పడవ కొని తెచ్చుకున్నాం. అనుమతి తీసుకుని కరీంనగర్ దగ్గర లోయర్ మానేరులో తిప్పుతుంటాం. ఇంజను లేదు. గాలి ఉంటే కదులుతుంది, పడిపోతే తెడ్డు వేస్తాం. కట్ట మీద షికారుకు వచ్చినవాళ్లు "ఇంజన్ ఎక్కడ మరిచి వచ్చిన్రు?" అని అడుగుతారు. ఈ రకం పడవకు నడుమ ఒక చీలిక, ఆ చీలికలోంచి నీళ్లలోకి దిగే పలక ఉంటాయి. డాగర్ బోర్డు అంటారు దాన్ని. ఆ పలక లేకుంటే పక్కగాలికి పడవ ముందుకు పోదు, అడ్డంగా జారిపోతుంది. మత్స్యకారుల పుట్టికి, థర్మాకోల్ తెప్పకు జానెడు నీళ్లు చాలు. మా పలక దిగాలంటే నాలుగడుగులు కావాలి. అందువల్ల మిగతావాళ్లకు ఎన్నడూ పట్టని లోతు సంగతి మాకు పట్టుకుంది.

చుక్కాని పక్కన నీళ్లు చొరని సంచిలో ఒక ట్యాబ్ కట్టుకుంటాం. ప్రపంచంలో చిన్న తెరచాప పడవలు నడిపేవాళ్లలో చాలామంది ఇప్పుడు దీని మీదే దారి చూసుకుంటున్నారు. ఒకప్పుడు అదే పని చేసే పరికరానికి లక్షలు పోయాల్సి వచ్చేది. ఇప్పుడు మన ఇంట్లో పిల్లలు పాఠాలు చూసే ట్యాబ్‌లోనే సముద్రపు పటం, దాని మీద కదిలే మన పడవ బొమ్మ, వేగం, దిక్కు అన్నీ కనిపిస్తాయి. ఓపెన్ సీపీఎన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో మనం సొంతంగా తయారు చేసుకున్న పటాన్ని కూడా ఎక్కించుకోవచ్చు. కొనేవాళ్లకు ఒక మాట: ఐప్యాడ్‌లలో సిమ్ పెట్టుకునే రకానికే జీపీఎస్ చిప్ ఉంటుంది. వైఫై రకం కొంటే నడి నీళ్లలో అది ఉత్త అద్దమే.

జీపీఎస్ ఉన్న ట్యాబ్ నెత్తి మీద ఆకాశం తెరిపిగా ఉంటే అయిదారు మీటర్ల తేడాతో మీరెక్కడున్నారో చెప్పేస్తుంది. లోయర్ మానేరు నడుమ మా పడవ చుక్క ఎంత కచ్చితంగా కదులుతుందో చూసి మొదట్లో ముచ్చట పడ్డాం. కానీ ఆ చుక్క చుట్టూ ఏముంది? నీలం. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఒకే నీలం. కట్ట పక్కన ఎంత నీలమో, పైన బ్యాక్‌వాటర్‌లో మోకాలి లోతు బురద దగ్గరా అంతే నీలం.

ఒకనాడు పడమటి గాలి బాగా వీస్తుంటే పైవైపుకు పోయాం. ట్యాబ్‌లో ఒడ్డు ఇంకా చాలా దూరంలో ఉంది. ఉన్నట్టుండి పలక దేనికో కొట్టుకుని ధన్‌మని చప్పుడైంది. పడవ ఆగి, తిరిగి, తెరచాప ఇటునుంచి అటు విసురుగా పడింది. నీళ్లలోకి చేయి పెట్టి తడిమితే రాయి. చెక్కిన రాయి, వరుసగా పేర్చింది. కొంచెం దూరంలో తెప్ప మీద వల తీస్తున్న పెద్దాయన కేక వేశాడు: "అటు పోకు బిడ్డా, అండ్ల బాయి ఉన్నది. మోటబాయి దరి అది!"

ఆయనకెట్ల తెలుసని అడిగాను. ఒక చేత్తో వల పట్టుకుని, రెండో చేత్తో చూపించాడు. అటు ఒడ్డున ఒంటి తాడు, దాని వెనక సెల్ టవరు. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే ఒక గీత. ఇటు కట్ట మీద గేట్ల మొదలు, దాని వెనక గుట్ట కొన. అదొక గీత. రెండు గీతలు కలిసిన చోట బావి. "నీళ్లు ఇంతకు దిగితే కొన బయటపడ్తది" అన్నాడు. సముద్రం మీద ఓడలు నడిపేవాళ్లు శతాబ్దాలుగా రేవులోకి వచ్చేటప్పుడు వాడే లెక్క ఇదే. ఎవరూ నేర్పకుండా ఆయన దాన్ని కట్టుకున్నాడు. ఆ రెండు గీతలను నేను ట్యాబ్‌లో గీసి గుర్తు పెట్టుకున్నాను. మా ట్యాబ్‌లోని లోయర్ మానేరులో నీలం కాక మరొకటి కనిపించింది అప్పుడే.

మంత్రిగారూ, లోయర్ మానేరు 1974లో మొదలై 1985లో పూర్తయిన ప్రాజెక్టు. నిండు నీటిమట్టం 920 అడుగులు, నిల్వ 24 టీఎంసీలు, 20 గేట్లు. ఇవి మీకు నోటికి వస్తాయి. రోజూ పొద్దున ఇన్ని అడుగులు, ఇన్ని టీఎంసీలు అని పత్రికల్లో వస్తుంది. ఆ అడుగుల అంకె రైతుకు కాలువలో నీళ్లు వస్తాయా రావా చెబుతుంది. పడవవాడికి మాత్రం సగం మాటే చెబుతుంది. మిగతా సగం అడుగున ఉన్న నేల ఎత్తు. ఆ బావి దరి 905 అడుగుల ఎత్తులో ఉందనుకుందాం. చెరువు నిండి 920 ఉంటే దాని మీద పదిహేను అడుగుల నీళ్లు. ఏ పడవైనా హాయిగా పోతుంది. మట్టం 908కి దిగితే మూడడుగులే. మా పలక తగులుతుంది, మోటారు పడవ పంకా విరుగుతుంది. ట్యాబ్‌లోని నీలం మాత్రం ఆ రోజూ ఈ రోజూ ఒకటే.

సముద్రంలో ఈ బాధ తక్కువ. డెహ్రాడూన్‌లోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం విశాఖకూ కాకినాడకూ పటాలు వేస్తుంది. వాటిలో వేసే లోతు అంకెలు పోటు నాటివి కావు, బాగా ఆటు తీసిన నాటివి. అంటే పటంలో ఉన్నదానికంటే నీళ్లు దాదాపు ఎప్పుడూ ఎక్కువే ఉంటాయి. మన జలాశయాల్లో ఆటుపోట్లు లేవు కానీ వానాకాలానికీ వేసవికీ మధ్య మట్టం పదుల అడుగులు పడిపోతుంది. కనుక నేల ఎత్తు వేసిన పటం ఒకటి, ఇవాళ్టి మట్టం ఒకటి, రెండూ కలవాలి. ఆ తీసివేత ట్యాబ్‌కు చిటికెలో పని.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ నేల ఎత్తులు మీ దగ్గర ఉన్నాయి. శ్రీరాంసాగర్‌నే తీసుకోండి. 1963 జూలై 26న నెహ్రూ పోచంపాడు దగ్గర శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు. ఒక ఒడ్డు నిజామాబాద్‌ది, ఇంకో ఒడ్డు పాత ఆదిలాబాద్‌ది, నీళ్లు ఎక్కువగా కరీంనగర్‌వి. 1091 అడుగుల దగ్గర 112 టీఎంసీలు పట్టాలని కట్టారు. పూడిక సర్వే చేస్తే 90 అన్నారు. మళ్లీ చేస్తే 80 చిల్లర అన్నారు. ఈ అంకెలు పత్రికల్లో వచ్చాయి, అందరికీ తెలుసు. కానీ ఆ 80 ఎట్లా వచ్చింది? పూడిక సర్వే అంటే పడవ మీద ధ్వనితో లోతు కొలిచే యంత్రం పెట్టి, జలాశయం మీద గీత గీత తిరిగి, ప్రతి చోటా అక్షాంశం, రేఖాంశం, లోతు నమోదు చేయడం. అట్లా వేలకు వేలు లోతులు పోగేసి, వాటి నుంచి అడుగునేల ఆకారం గీసి, దాని మీద ఎన్ని నీళ్లు పడతాయో లెక్కగట్టి చివరికి ఒక్క అంకె చెబుతారు. పండుగనాడు ఊరంతా వండుకున్నాక ఎన్ని బస్తాల బియ్యం అయ్యాయో మాత్రం చాటింపు వేసినట్టుంది. మాకు ఆ ఒక్క అంకె కాదు, ఆ వేల లోతులు కావాలి.

పాత ఊళ్ల సంగతి తెలుసుకోవాలంటే ఇంకో దారి కూడా ఉంది. సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు అంగుళానికి ఒక మైలు చొప్పున వేసిన పాత పటాలు. ప్రాజెక్టు కట్టకముందు వేసినవి. బావి, గుడి, చెరువు కట్ట, బండిబాట అన్నీ గుర్తులతో ఉంటాయి వాటిలో. వాటిని ట్యాబ్‌లో ఎక్కించి నీలం మీద పరిస్తే నీళ్ల కింది ఊరు బయటపడుతుంది. అయితే ఒక మెలిక. ఆ పాత పటాలు ఎవరెస్ట్ కొలత మీద వేసినవి, జీపీఎస్ లెక్క డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే కొలత మీద నడుస్తుంది. సరిచేయకుండా పరిస్తే మన దగ్గర వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. బావి ఒక చోట, గుర్తు ఇంకో చోట. ఈ సవరణ తెలిసిన ఇంజనీర్లు మీ శాఖలో ఉన్నారు. మా వంటివాళ్లం ఇంట్లో కూర్చుని చేస్తే తప్పు మీద తప్పు పడుతుంది, నమ్మి పోయినవాడు మునుగుతాడు.

పటం ఉన్నా దాన్ని చూడడం రాకుంటే ఏమవుతుందో పెద్దవాళ్ల దగ్గరే జరిగింది. 2014 నవంబర్ 29న వోల్వో ఓషన్ రేస్‌లో వెస్టాస్ విండ్ అనే 65 అడుగుల పోటీ పడవ మారిషస్‌కు ఈశాన్యాన కార్గదోస్ కారజోస్ పగడపు దిబ్బల మీదికి రాత్రిపూట పూర్తి వేగంతో ఎక్కేసింది. తొమ్మిది మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ దిబ్బలు కంప్యూటర్ పటంలో లేవా? ఉన్నాయి. కానీ పటాన్ని దూరం నుంచి చూసేలా చిన్నగా పెట్టుకున్నప్పుడు ఆ దిబ్బలు ఆనవు. దగ్గరికి పెంచి చూస్తేనే కనిపిస్తాయి. దారి గీసేటప్పుడు ఎవరూ అక్కడ తగినంత పెంచి చూడలేదు. కాగితం పటం అయితే బల్ల నిండా పరుస్తాం, కన్ను దానంతట అదే దిబ్బ మీద పడుతుంది. ట్యాబ్ అరచేతిలో కిటికీ కనుక మనం అడిగినంతే చూపిస్తుంది. లోతుల పటం ఇచ్చేటప్పుడు, ఎంత చిన్నగా చూసినా బండలు మాయం కాకుండా ఉండేట్టు ఇవ్వమని మీ ఇంజనీర్లకు చెప్పండి. ఇది చిన్న కోరికే, కానీ ప్రాణాల మీది కోరిక.

మన తెలుగువాళ్లకు సముద్రం కొత్త కాదు. 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి ఐఎన్ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవలో ఆరుగురు నావికాదళ అధికారిణులు బయల్దేరి, భూమిని చుట్టి 2018 మే 21న తిరిగి వచ్చారు. విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఆ ఆరుగురిలో ఉన్నారు. వాళ్లు దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ కూడా దాటి వచ్చారు. ఆ నీళ్లకు పటం ఉంది. మా ఊరి మానేరుకు లేదు. ఇంకా చిత్రం వినండి. సముద్రమే లేని తెలంగాణ రాజధానిలో, ప్రగతినగర్‌లో, ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ ఉంది. చేపలు ఎక్కడ దొరుకుతాయో, అలలు ఎంత ఎత్తు లేస్తాయో తీరమంతటికీ రోజూ చెబుతుంది. సెల్ సిగ్నల్ అందని చోటికి వేటకు పోయినవాళ్ల కోసం జెమిని అనే చిన్న పెట్టెను 2019 అక్టోబర్‌లో తెచ్చారు. గగన్ ఉపగ్రహాల ద్వారా తుపాను హెచ్చరిక ఆ పెట్టెకు వస్తుంది, అక్కడి నుంచి బ్లూటూత్‌తో మత్స్యకారుడి ఫోనుకు. నడిసముద్రంలో శ్రీకాకుళం జాలరికి హైదరాబాద్ నుంచి కబురు పోతుంది. హైదరాబాద్‌కు మూడు గంటల దూరంలో ఉన్న మా గంగపుత్రులకు, ముదిరాజ్‌లకు ఒంటి తాడు, సెల్ టవరే దిక్కు.

మరో కాగితం గుర్తు చేస్తాను. 2016 జాతీయ జలమార్గాల చట్టం పట్టికలో 111 జలమార్గాలు ఉన్నాయి. అందులో వైన్‌గంగ ప్రాణహిత ఉంది, పెన్‌గంగ వార్ధా ఉంది, మంజీర ఉంది. అంటే చట్టం లెక్కన ఆదిలాబాద్ సరిహద్దు నదులన్నీ జాతీయ జలమార్గాలే! వేమనపల్లి రేవుకు పోయి ఆ మాట చెప్పి చూడండి, నాటుపడవ తోసేవాళ్లు మీ మొహం వంక చూస్తారు. గంగ, బ్రహ్మపుత్ర మీద ఎక్కడ ఎంత లోతు ఉందో జలమార్గాల ప్రాధికార సంస్థ లాడిస్ అనే వ్యవస్థలో ఎప్పటికప్పుడు పెడుతుంది. ప్రాణహిత మీద మాత్రం 2019 డిసెంబర్‌లో గూడెం దగ్గర నాటుపడవ బోల్తాపడి ఇద్దరు అటవీ బీట్ అధికారులు చనిపోయారు. 

ప్రాణహితను, గోదావరిని ఎవరూ కొలవలేదని కూడా కాదు. మద్రాస్ ఇంజనీర్ల దళానికి చెందిన ఎఫ్.టి. హేగ్ గోదావరిలో పడవలు నడపవచ్చా అన్న విషయం మీద 1856లోనే నివేదిక అచ్చువేయించాడు. బేరారు పత్తిని వార్ధా, ప్రాణహితల మీదుగా గోదావరిలోకి దించి, సముద్రానికి చేర్చాలన్నది ఆర్థర్ కాటన్ కల. అడ్డుగా మూడు చోట్ల బండల వరుసలు. మొదటిది దుమ్ముగూడెం, రెండోది మహాదేవపూర్ అడవుల వైపు ఇంచంపల్లి, మూడోది ప్రాణహిత మీద దేవలమర్రి. బండల పక్క నుంచి కాలువలు తవ్వి, లాకులు కట్టి పడవలను ఎక్కించి దించాలని పని మొదలుపెట్టారు. ఈలోగా 1867లో రైలు నాగపూర్ చేరింది. పత్తి రైలెక్కింది. 1871లో పనులు ఆపేశారు. ఆ పథకం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ, పత్తి లాంకషైర్‌కు పోయేది కానీ మనకు పోయేది కాదు. నేను చెప్పేదల్లా, ఒక రాయి ఎక్కడుందో తెలియకుండా పడవ దించకూడదని వాళ్లకు తెలుసు. కొలిచినదాన్ని అచ్చు వేయాలనీ తెలుసు.

ఇప్పుడు ట్యాబ్ మీద నాకు పిచ్చి నమ్మకం ఉందనుకోకండి. రేపో మాపో ఎవరో ఒకరు మీ బల్ల దగ్గరికి వచ్చి, పర్యాటక పడవలన్నిటికీ ట్యాబులు కొనిద్దామని, అంతటితో భద్రత వచ్చేస్తుందని సూచిస్తారు. కొనకండి, కొన్నా ఒక్కటే కొని మేలో కరీంనగర్‌లో పెట్టి చూడండి. ఐప్యాడ్ పని చేసే వేడి 35 డిగ్రీల దాకానే అని కంపెనీయే చెబుతుంది. మా దగ్గర, రామగుండంలో వేసవి 45 దాటుతుంది. ఎండలో పది నిమిషాలు ఉంచితే వేడెక్కింది, చల్లారనివ్వండి అని రాసి తెర నల్లబడుతుంది. ఎండ పడితే ఉన్న తెర కూడా కనపడదు. వాన చినుకు పడితే తెర అదే వేలనుకుని తనంతట తాను పటాన్ని ఎటో లాగేస్తుంది. తడి వేలితో మీరు నొక్కితే పలకదు. ప్రాణహిత అడవుల్లో నెట్‌వర్క్ పోతే ముందే దించి పెట్టుకోని పటం తెరవదు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో గాలిదుమారం ఎట్లా లేస్తుందో మీకు తెలుసు. ఆ గాలిని ట్యాబ్ ముందుగా చూడలేదు. పిడుగు సంగతి దామిని యాప్ చెబుతుంది, అది మంచి పని. మబ్బు ముఖం చూసి ఒడ్డు పట్టడం మాత్రం మనిషే చేయాలి.

కచ్చులూరు మరిచిపోలేం. అక్కడి గోదావరిలో 2019 సెప్టెంబర్ 15న రాయల్ వశిష్ఠ అనే పర్యాటక పడవ మునిగింది. 77 మందిలో 26 మందే బతికారు. పోయినవాళ్లలో మన వరంగల్ పక్క కడిపికొండవాళ్లు ఉన్నారు. గోదావరి అయిదు లక్షల క్యూసెక్కులతో పారుతున్న రోజు అది. అక్కడ సుడి ఉందని ఆ నది మీద బతికేవాళ్లందరికీ తెలుసు. ట్యాబ్ ఉంటే బతికేవాళ్లని నేను అనను. ఆ రోజు పడవ కదలకూడదు, అంతే. బతికినవాళ్లను మొదట ఒడ్డుకు లాగింది కచ్చులూరు గిరిజనులు. రెండు వందల అడుగులకు పైగా లోతున ఉన్న పడవను అక్టోబర్ 22న పైకి తెచ్చింది కాకినాడ ధర్మాడి సత్యం బృందం, లంగర్లు, తాళ్లతో. యంత్రాలు చూపిస్తాయి, లాగింది నది తెలిసిన చేతులు. నేను అడిగే పటం ఆ చేతులకు ఇవ్వడానికే.

మీ శాఖలో రెండు అభ్యంతరాలు వస్తాయని ఊహించగలను. ఒకటి, డ్యాములు రక్షణ సంగతి, లోతులు బయటపెట్టకూడదు అని. 2021 ఫిబ్రవరిలో కేంద్రం పటాల మీద పాత ఆంక్షలు చాలావరకు ఎత్తేసింది. అయినా మీకు బెరుకుంటే కట్ట దగ్గర, గేట్ల దగ్గర కొంత మేర తెల్లగా వదిలేయండి. అక్కడికి ఏ పడవా పోకూడదు కూడా. రెండోది, పటం నమ్మి ఎవరైనా మునిగితే ఎవరిది బాధ్యత అని. దీనికి సముద్రపు పటాల్లోనే జవాబుంది. ఏ సంవత్సరం కొలిచిందో పటం మీద వేస్తారు. ఏదైనా మారితే నావికులకు నోటీసు ఇస్తారు. మానేరులో ఇసుక ఎట్లా తవ్వుతున్నారో మీకు చెప్పనక్కర్లేదు. నిరుడు మోకాలి లోతున్న చోట ఈ ఏడు రెండు నిలువుల గుంత ఉంటుంది. మేడిగడ్డ బ్యారేజీ వంటి చోట అయితే మరీ చోద్యం: 2023 అక్టోబర్‌లో పియర్లు కుంగాక నీళ్లు వదిలేశారు. ట్యాబ్‌లో ఏ ఏడాది ఉపగ్రహ చిత్రం ఉందో దాన్నిబట్టి నిండు గోదావరీ కనిపించవచ్చు, కాళ్లు కాలే ఇసుకా కనిపించవచ్చు. తేదీ లేని పటం కంటే పటం లేకపోవడమే మేలు.

పటాన్ని గీసేది మీ ఇంజనీర్లయినా, చివరి చూపు మత్స్య సహకార సంఘాల వాళ్లది కావాలి. వేసవిలో మట్టం అడుగంటినప్పుడు ఒక సర్వేయరును, ఒక ట్యాబ్‌ను, తెప్ప మీద ఒక పెద్దమనిషిని పంపండి. ఏ బావికి ఏ పేరు, ఏ బండకు వల చిక్కుతుంది, ఏ చెట్టు మోడు ఇంకా నిలబడి ఉంది, అన్నీ ఆయన చెబుతాడు. సర్వే గీతలకూ గీతలకూ మధ్య జారిపోయిన బండలు అక్కడ దొరుకుతాయి. ఆయనకు ఆ రోజు కూలి ఇప్పించండి. ఉచితంగా సేవ చేయమనకండి.

నిండు మట్టం 148 మీటర్లున్న ఎల్లంపల్లి, 700 అడుగులున్న కడెం, అన్నీ ఒకేసారి చేయమనను. కడెం గేట్లు వరదలకు పడే అగచాట్ల నడుమ మీ ఇంజనీర్లకు లోతుల పటం గుర్తుకు రాకపోవడం అర్థం చేసుకోగలను. మొదట మిడ్ మానేరు చేయండి. దాని కింద ఊళ్లకు ఊళ్లు మునిగాయి. చింతల్‌ఠాణా, అనుపురం, రుద్రవరం, సంకెపల్లి, నీలోజిపల్లి. గోడలు, గద్దెలు, బావులు, కరెంటు స్తంభాల మొదళ్లు ఇంకా నీళ్లలోనే ఉన్నాయి. బోయినపల్లి మండలం వరదవెల్లిలో గుట్ట మీది దత్తాత్రేయ స్వామి గుడి చుట్టూ నీళ్లు నిలిచాయి. దత్త జయంతికి జనం పిల్లలను ఎత్తుకుని పడవల్లో పోతారు. ఆ రేవు నుంచి గుట్ట దాకా ఒక్క దారి చాలు. ఆ దారిలో అడుగునేల ఎత్తులు కొలిచినవి బయటపెట్టండి, రేవు దగ్గర ఇవాళ్టి మట్టం పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాయించండి, పడవ నడిపేవాళ్ల ఫోన్లలో ఆ పటం ఎక్కించండి. ట్యాబ్ కొనకున్నా ఫరవాలేదు, వాళ్ల ఫోన్లు సరిపోతాయి. వచ్చే దత్త జయంతి, అంటే మార్గశిర పౌర్ణమి లోపల అవుతుందా కాదా, ఒక్క మాట మీ కార్యాలయం నుంచి చెప్పించండి.

ఇట్లు,
లోయర్ మానేరు మీద తెరచాప ఎత్తే ఒక పౌరుడు, కరీంనగర్